ట్యాంకు మీద సుద్దగీత

ఆ ఏడాది షట్‌డౌన్ నలభై రెండు రోజులు. ఈ పరాయిదేశంలో, జురాంగ్ ఐలాండ్‌లోని పెద్ద రసాయన ప్లాంట్లు నాలుగేళ్లకో ఐదేళ్లకో ఒకసారి ఆగుతాయి. ఆగినన్నాళ్లూ వేలమంది వాటి కడుపులోకి దిగి తోముతారు, కోస్తారు, అతుకుతారు. మా కంపెనీకి ఆ పనిలో ఒక మూల దక్కింది. ఆ మూలలో ఏ బండి ఎంత బరువు లాగవచ్చో, ఎంత లాగకూడదో చెప్పి సంతకం పెట్టే ఉద్యోగం నాది.

నలభై రోజులు ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడమే నన్ను పాడుచేసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

మా అల్లుడు గోపీకృష్ణ బ్యాంకు సాఫ్ట్‌వేర్ మనిషి. జనవరిలో అతని టీము మొత్తాన్ని ఒకే ఉదయం ఇంటికి పంపేశారు. రెండు నెలలపాటు మా పుంగ్గోల్ ఫ్లాట్‌లో, కిటికీ పక్క కుర్చీలో, ఉద్యోగాల కోసం జవాబు రాని ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు. షట్‌డౌన్‌కి సామాన్ల జాబితా చూసుకుంటూ పికప్ నడిపే మనిషి కావాలని మా కంపెనీ వెతుకుతుంటే, అతని పేరు నేనే చెప్పాను.

మా అమ్మాయి కావ్యశ్రీకి ఇష్టం లేదు. మొదటి రోజు పొద్దున్నే మా ఇద్దరికీ బాక్సులు కడుతూ అంది:

"ఆయన కీబోర్డు తప్ప ఇంకేదీ ముట్టుకోని మనిషి నాన్నా. ఆ పైపుల మధ్యకి తీసుకెళ్తున్నారు."

"ఆరు వారాలేనమ్మా. నా కళ్లముందే ఉంటాడు."

"మీరున్నారనే పంపిస్తున్నా. పంపినట్టే తెచ్చి అప్పగించాలి."

నవ్వుతూనే అంది. మూత పెట్టాక కూడా చేతిని బాక్సు మీద కొంచెంసేపు ఉంచింది. వాళ్లమ్మ ప్రభావతి కూడా అలాగే ఉంచేది. ప్రభావతి పోయి అప్పటికి రెండేళ్లు. అలాంటివి కంటపడిన రోజు నాకు మంచిరోజు కింద లెక్క.

*

గోపీ ఏ పనైనా పుస్తకం చదివి మొదలుపెట్టే రకం. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర బండి మాన్యువల్ ముందేసుకున్నాడు.

"మామయ్యా, ఇందులో మూడున్నర టన్నులు లాగొచ్చని ఉంది. మీరేమో డాష్‌బోర్డు మీద ఏడువందల యాభై కిలోలని కాగితం అంటించారు. ఇంత తేడా ఏంటి?"

"మూడున్నర టన్నులు, వెనక ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటే. మన నీళ్ల ట్యాంకుకి బ్రేకులెక్కడివి? రెండు చక్రాల మీద పెట్టిన ఇనప డబ్బా అది."

"ఇంజను మాత్రం లాగేస్తుందిగా?"

"లాగడానికేం, నాలుగైనా లాగుతుంది. ఆపడం దగ్గరే వస్తుంది తంటా. బండి బరువు, బండిలో ఎక్కిన బరువు, వెనక తగిలించిన బరువు, అన్నిటినీ ఆపాల్సింది ముందున్న ఆ నాలుగు చక్రాలే. వెనకది ఆగనని మొండికేస్తే ముందున్నదాన్ని తోసుకుంటూ పోతుంది."

మా మనవరాలు ప్రణవి ప్రైమరీ త్రీ, అంటే మూడో తరగతి. పెరుగన్నం మానేసి వింటోంది. దానికోసం ఒక స్టీలు గిన్నెలో సగానికి నీళ్లు పోసి, బల్లమీద జరుపుతూ తీసుకెళ్లి టక్కున ఆపాను. గిన్నె ఆగింది. నీళ్లు ఆగలేదు. లేచి ముందుకు దూకి, మాన్యువల్ తడిపి, వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాయి.

"చూశావా గోపీ? నిండుగా ఉంటే ఇంతగా ఊగవు, కదలడానికి చోటుండదు కాబట్టి. సగం నీళ్లతోనే ప్రమాదం. అవి ఎటు వెళ్తాయో బండికి ముందుగా తెలియదు."

"దెన్ జస్ట్ బ్రింగ్ ఎంప్టీ లా, తాతా," అంది ప్రణవి, ఇక్కడి బడిపిల్లల ఇంగ్లీషులో. "సో సింపుల్."

"అదేనమ్మా మా రూలు. ఖాళీగా లాగాలి, చేరాక నింపాలి."

కావ్యశ్రీ బల్ల తుడుస్తూ మాన్యువల్ ఎత్తి ఫ్యాను కింద పెట్టింది. ఆ పేజీ మర్నాటికి ఆరింది కాని ఉబ్బుగానే ఉండిపోయింది.

*

ఆ నీళ్ల ట్యాంకు రామన్న చేతిలో ఉండేది. రామన్న కడుగుడు పనివాళ్లకి ఫోర్‌మన్. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. పద్నాలుగేళ్లుగా ఇక్కడే డార్మిటరీలో ఉంటున్నాడు. ప్లాంటులో రెండు చోట్ల మాకు పని. ఈ కొసన రామన్న గుంపు, వంతెన అవతల ఇంకో గుంపు. ట్యాంకు ఒకటే. పగలంతా ఇటూ అటూ తిరిగేది. తిప్పేది గోపీ.

ట్యాంకు ఖాళీయో కాదో తెలుసుకోవడానికి రామన్నకి పరికరాలు అక్కర్లేదు. వేలి ముడుకుతో కిందినుంచి పైకి తట్టుకుంటూ పోయేవాడు. నీళ్లున్నంతమేరా బద్దకంగా పలికే ఇనుము నీళ్లు దాటగానే గణగణమనేది. ఆ విద్య గోపీకి కూడా నేర్పాడు.

"ఇను బాబూ. కడుపు నిండినోడిలాగ ఏటీ పలకదు. ఇక్కడ సూడు, ఆకలేసినోడు. ఎంత గోల సేత్తన్నాడో."

గోపీ రెండు నెలల తర్వాత నవ్వడం ఆ రోజే చూశాను.

పని హడావిడిలో నేను బాక్సు విప్పకుండా మధ్యాహ్నం రొట్టె ముక్కతో సరిపెట్టేస్తున్నానని కనిపెట్టి, రెండో వారంలో రామన్న తన క్యారేజీ నా బల్లమీద పెట్టాడు. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. మూత మీద చుక్కలతో అతని పేరు కొట్టి ఉంది. లోపల ఎండుచేపల పులుసు, అన్నం. కడిగి మర్నాడు తిరిగి ఇచ్చేటప్పుడు అందులో కావ్యశ్రీ చేసిన అటుకుల మిక్చరు పోసి ఇచ్చాను.

"ఇదేటి సార్? కాలీగా ఇచ్చీరాదా."

"ఖాళీ గిన్నె తిరిగి పంపే అలవాటు మా ఆవిడకి ఉండేది కాదు రామన్నా. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసేది."

"మా అమ్మా అంతేనండి. ఉత్త గిన్నె పంపితే ఉత్త మనుసులం అనుకుంతారనేది."

ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఆ క్యారేజీ జురాంగ్ ఐలాండ్‌కీ పుంగ్గోల్‌కీ తిరిగింది. ఎటు వెళ్లినా ఖాళీగా వెళ్లలేదు.

*

నాలుగో వారం ఒక సాయంత్రం, తగిలించడానికి సిద్ధంగా ఉన్న ట్యాంకుని నేను అలవాటుగా తట్టాను. కింద జానెడు మేర పలకలేదు.

"రామన్నా, నీళ్లున్నాయి ఇందులో."

అతను తలగోక్కున్నాడు. "కొంచెమే సార్. ఆలకి అక్కడ కొళాయి సన్నంగా వత్తంది. పని దిగీసరికి మొకం కడుక్కుందావంటే నీలుండవు. బండి ఎలాగూ ఎల్తంది గదా. కాలీగా పంపడానికి మనసొప్పలేదు."

నేను తిట్టాల్సింది. వాల్వు తిప్పి ఆ నీళ్లు కాలవలోకి వదిలేయించాల్సింది. వదల్లేదు. మనసులో కూడిక చేశాను. ట్యాంకు బరువు నాలుగువందల ఇరవై. జానెడు నీళ్లంటే రెండువందల పైచిలుకు. ఏడువందల యాభైకి లోపలే. అవతలి గుంపులో మొహం కడుక్కోవడానికి నీళ్ల కోసం నిలబడే మనుషుల్ని నేనూ చూశాను. అంకె సరిపోయింది, మనసు సరిపెట్టుకుంది.

"సరే. జానెడు దాటకూడదు. మిగిల్చినప్పుడల్లా ఎంతవరకున్నాయో బయట సుద్దతో గీత గియ్యి. తగిలించేవాడికి తెలియాలి."

ప్లాంటు లోపలికి ఫోన్లు రానివ్వరు. ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే ఇలాంటి గీతలే. గోపీకి కూడా చెప్పాను: "గీత చూసుకుని, దాన్నిబట్టి మెల్లగా నడుపు."

కాగితం మీద రూలు మాత్రం ఖాళీ అనే ఉంది. దాని కింద నా సంతకం కూడా అలాగే ఉంది.

రెండు వారాలు ఆ గీత బాగానే పనిచేసింది. పనిచేస్తున్న కొద్దీ, ట్యాంకు మీద వేలి చప్పుళ్లు తగ్గిపోయాయి. గీత ఉంటే నీళ్లున్నట్టు. లేకపోతే ఖాళీ అన్నట్టు. ఎవరూ అలా అనుకుందామని చెప్పుకోలేదు. అందరం అనుకున్నాం.

*

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం మూడింటికి వాన పట్టుకుంది. ఇక్కడి వాన సంగతి తెలిసిందే. ఆకాశం ఒక్కసారిగా నేలమీద కూర్చుంటుంది. పిడుగుల సైరన్ మోగితే బయట పనులన్నీ ఆపి మనుషులు లోపలికి వెళ్లాలి. అది ఇంకా మోగలేదు. అందరి చెవులూ దానికోసమే ఎదురుచూస్తున్నాయి.

అవతలి గుంపు నుంచి మనిషి వచ్చి, ట్యాంకు వెంటనే కావాలన్నాడు. నేనూ అటే వెళ్లాలి కనుక గోపీ పక్కన ఎక్కాను. రామన్న అక్కడ లేడు. గంట కిందటే అతన్ని వంతెన దిగువన మలుపులో, ఎదురుబండ్లని ఆపి వదిలే పలక పట్టుకోవడానికి వేశారు.

గోపీ దిగి ట్యాంకు తగిలించి, గొలుసులు వేసి, చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్లోడుతూ వచ్చి కూర్చున్నాడు.

"గీత లేదు మామయ్యా."

"తట్టావా?"

"ఈ వానలో ఏం వినపడుతుంది? గీతైతే లేదు."

రేకు మీద వాన హోరు ఎంతుందంటే, అతని మాటే నాకు సగం వినిపించింది.

"అయితే పద," అన్నాను.

బండి కదిలింది. బరువేమీ తెలియలేదు. ఇంజనుకి అదొక లెక్క కాదు. వంతెన ఎక్కేటప్పుడు మాత్రం బండి ముక్కు కొంచెం పైకి లేచినట్టు, స్టీరింగు తేలికైనట్టు అనిపించి గోపీ నావైపు చూశాడు. వైపర్లు ఇటూ అటూ కొట్టుకుంటున్నాయి. వంతెన మీదికి వచ్చాం. దిగుడు మొదలైంది. కింద ఎడమకి వంగే మలుపులో, పసుపు రెయిన్‌కోటులో రామన్న. మమ్మల్ని గుర్తుపట్టి పలక ఆకుపచ్చవైపు తిప్పాడు. రెండో చెయ్యి ఎత్తాడు.

గోపీ బ్రేకు నొక్కాడు. గట్టిగా ఏం కాదు. నేర్పినట్టే నొక్కాడు.

వెనకనుంచి ఏదో మా బండిని భుజంతో తోసింది. ఆగింది. మళ్లీ తోసింది.

నా పక్క అద్దంలోకి చూశాను. అద్దంలో వెనక రోడ్డు కనిపించాలి. నీలం రంగు కనిపించింది. అద్దం నిండా నీలం. మా వెనక రావాల్సిన ట్యాంకు మా పక్కకి వచ్చేసింది. అది నా కిటికీని దాటుకుని, రామన్న నిలబడ్డ వైపు ముందుకు వెళ్లడం నేను తీరిగ్గా చూసినట్టే గుర్తు.

అంతా ఆగాక, సైరన్ మోగింది.

*

గోపీ వైపు తలుపు గార్డు స్తంభానికి కొట్టుకుంది. అతనికి భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. నాకు గీతైనా పడలేదు. నేను దిగేటప్పటికి, ఎవరో ముక్కూమొహం తెలియని బంగ్లా కుర్రాడు సైరన్ మోగుతున్నా లోపలికి పోకుండా, తన రెయిన్‌కోటు విప్పి రామన్న మొహం మీద వాన పడకుండా పట్టుకుని ఉన్నాడు. అంబులెన్సు వచ్చేదాకా పట్టుకునే ఉన్నాడు. పట్టుకోవాల్సిన అవసరం అప్పటికే లేదు.

పక్కకి పడిపోయిన ట్యాంకు చుట్టూ తిరిగాను. నీళ్లు ఇంకా కారుతున్నాయి. దాని నడుం దగ్గర ఇనప పట్టీ ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని చూరు కింద, వాన తగలని చోట, మూడు వేళ్లంత తెల్లటి గీత మిగిలి ఉంది. సరిగ్గా సగం ఎత్తులో. మిగతా గీతంతా కడుక్కుపోయింది.

ఆ పొద్దున అవతలి కొళాయి పైపు పూర్తిగా విప్పేశారని తర్వాత తెలిసింది. జానెడు నీళ్లు చాలవని రామన్న అనుకుని ఉంటాడు. నేను చెప్పినట్టే గీత గీశాడు.

రెండు రోజుల తర్వాత మా సేఫ్టీ మేనేజరు పార్థసారథి నన్ను క్యాంటీన్‌కి తీసుకెళ్లి టీ తెప్పించాడు. మంచివాడు. నా కప్పులో తనే చెంచా తిప్పి ఇచ్చాడు.

"సాంబశివరావుగారూ, పేపర్ మీద అంతా క్లియర్‌గా ఉంది. ట్యాంకు ఖాళీగా వెళ్లాలన్నది రూలు. అడగకుండా నింపింది ఆయన. మీ అల్లుడు వెహికల్ చుట్టూ తిరిగి చూశాడని సాక్షులున్నారు. రేపు విచారణలో అడిగినదానికి మాత్రం జవాబు చెప్పండి. కొత్తగా ఏమీ కలపకండి."

"దాని మీద గీత ఉంది."

"ఏ గీత?"

అప్పుడు అర్థమైంది నాకు. ఫొటోలు తీసినవాళ్లు దాన్ని తీశారు కాని, అదేమిటో వాళ్లకి తెలియదు. తెలిసినవాళ్లం ముగ్గురం. ఒకరు లేరు. ఒకరు నా అల్లుడు.

ఆసుపత్రిలో గోపీ చెయ్యి మెడకి వేలాడదీసి పడుకోబెట్టారు. కావ్యశ్రీ పక్కనే ఉంది. క్యాంటీన్ మాట వాళ్లకి చెప్పాను.

"నేను తట్టలేదు మామయ్యా," అన్నాడు గోపీ పైకప్పు చూస్తూ. "గీత కోసమే చూశాను."

"అలా చూడమన్నది నేను."

కావ్యశ్రీ దుప్పటి అంచు సర్దింది. తర్వాత గొంతు బాగా తగ్గించి అంది:

"మీరు నోరు విప్పితే ఈయన్నీ అడుగుతారు నాన్నా. ఎందుకు తట్టలేదంటారు. మీరు చెప్పినంత మాత్రాన రామన్న తిరిగి రాడు కదా."

"రాడమ్మా. కాని వాళ్ల ఇంట్లో, తన తప్పుకి తనే పోయాడనుకుంటారు."

తను కిటికీవైపు తిరిగింది. గోపీ మంచి చేత్తో నా మణికట్టు పట్టుకుని, వదిలాడు. దాన్నే నేను సరేననడం కింద తీసుకున్నాను.

మర్నాడు చెప్పాను. రూలు ఏమిటో, నేను ఎప్పుడు సడలించానో, జానెడు ఎందుకన్నానో, గీత ఎవరు గియ్యమన్నారో, ఆ వానలో "పద" అన్నది ఎవరో. రాసుకునే అమ్మాయి ఒకచోట కలం ఆపి నావైపు మంచినీళ్ల గ్లాసు జరిపింది. అది నాకు చాలు అనిపించింది.

సంతకం పెట్టే అర్హత ఆ వారమే పోయింది. ఉద్యోగమూ దాంతోపాటే. గోపీని మూడుసార్లు పిలిచి, హెచ్చరించి వదిలేశారు. ఇప్పుడు ఒక బడిలో కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. ఎక్కడికైనా రైల్లోనే వెళ్తాడు, స్టీరింగు పట్టుకోడు. విచారణ తర్వాత రెండు వారాలూ కావ్యశ్రీ నాకు వేళకి అన్నం పెట్టింది, వేళకి మందులిచ్చింది. మాట మాత్రం కలపలేదు.

*

రామన్న క్యారేజీ మా ఇంట్లోనే ఉండిపోయింది. నలభయ్యో రోజున పంపాడు. తోమి, తుడిచి, వంటింటి గట్టు మీద బోర్లించాను. రోజూ చూస్తున్నాను. వాళ్ల ఊరి మనిషి ఒకతను శుక్రవారం ఊరికి వెళ్తున్నాడనీ, సామాన్లేమైనా ఉంటే ఇమ్మన్నాడనీ డార్మిటరీ నుంచి కబురొచ్చింది.

గురువారం మధ్యాహ్నం బల్లముందు కూర్చుని రామన్న భార్యకి ఉత్తరం మొదలుపెట్టాను. మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేశాను. వంటింట్లోంచి మినపప్పు వేగుతున్న వాసన వచ్చింది. లేచి వెళ్లాను. కావ్యశ్రీ మూకుడు దగ్గర నిలబడి ఉంది. నావైపు తిరగకుండానే అంది:

"సున్నుండలు పై రెండు గిన్నెల్లోకి వస్తాయి. కింది గిన్నె మీ కాగితానికి వదిలేస్తున్నా."

"ఎవరు చదివి వినిపిస్తారో వాళ్లకి."

"కూతురు డిగ్రీ చదువుతోందిట నాన్నా. ఫోన్ చేసి కనుక్కున్నా." గరిటె ఆపింది. "విడమరిచి రాయండి."

వెళ్లి కూర్చున్నాను. ఐదోసారి రాసింది కొట్టెయ్యలేదు.

"అమ్మా, మీ ఆయన గీత గీశాడు. వానలో సుద్ద నిలవదని ఆలోచించాల్సింది నేను."

మిగతాది రెండు పేజీలైంది. మడిచి కింది గిన్నెలో పెట్టాను. దానిమీద సున్నుండల గిన్నెలు రెండూ కూర్చోబెట్టి కావ్యశ్రీ మూత పెట్టింది. గొళ్లెం బిగించాక, చేతిని కొంచెంసేపు దానిమీద ఉంచింది.

సాయంత్రం లిఫ్టు దాకా తను మోస్తానని ప్రణవి క్యారేజీ అందుకుంది. ఒక పక్కకి ఒరిగిపోయింది.

"హెవీ లా, తాతా."

"అవునమ్మా," అన్నాను. "రెండు చేతులతో పట్టుకో."